ఎన్‌పీటెల్ వెరిలాగ్ కోర్సు: వెబ్ కోడింగ్ నుంచి చిప్ డిజైన్‌కు మళ్లే సీఎస్ఈ విద్యార్థికి ఎంతవరకు పనికొస్తుంది

సీఎస్ఈలో చేరి, రెండేళ్లు రియాక్ట్, నోడ్ నేర్చుకుని, మూడో ఏడాదిలో చిప్ డిజైన్ వైపు చూస్తున్నవాళ్లు ఈమధ్య చాలామంది కనిపిస్తున్నారు. వాళ్లకు మొదట చెప్పదగ్గ కోర్సు ఐఐటీ ఖరగ్‌పూర్ ప్రొఫెసర్ ఇంద్రనీల్ సేన్‌గుప్తా ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో చెప్పిన ‘హార్డ్‌వేర్ మోడలింగ్ యూజింగ్ వెరిలాగ్’. చిప్‌లోని సర్క్యూట్‌ను కోడ్‌గా రాసే భాషే వెరిలాగ్. ఎనిమిది వారాల కోర్సు ఇది. పాఠాలన్నీ యూట్యూబ్‌లో ఉచితం, కాబట్టి కోర్సు మళ్లీ ఎప్పుడు పెడతారా అని ఎదురుచూడక్కర్లేదు. పునాదికి ఇంతకన్నా ఖర్చుపెట్టాల్సిన పనిలేదు. కానీ దీంతోనే ఉద్యోగం వస్తుందనుకుంటే పొరపాటు.

మొదలుపెట్టే ముందు రెండో ఏడాది డిజిటల్ లాజిక్ పుస్తకం ఒకసారి తీయండి. మూడు బిట్ల కౌంటర్‌కు స్టేట్ టేబుల్ రాసి, ఫ్లిప్‌ఫ్లాప్‌లతో (ఒక్కో బిట్‌ను దాచే సర్క్యూట్లు, క్లుప్తంగా ఫ్లాప్‌లు) బొమ్మ వేయగలిగితే కోర్సులోకి దిగొచ్చు. వేయలేకపోతే రెండు వారాలు దానిమీదే పెట్టండి. ఈ మెట్టు దాటేసినవాళ్లే మూడో వారంలో కోర్సు ఆపేస్తారు.

సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చినవాళ్లను వెరిలాగ్ దెబ్బతీసేది వ్యాకరణం దగ్గర కాదు. చూడ్డానికి అది సీ భాషలాగే ఉంటుంది, అసలు చిక్కు అక్కడే. రాసిన ప్రతి వాక్యం వైర్లుగా, గేట్లుగా మారుతుందన్న ఊహ తలలో స్థిరపడాలి. క్లాకు క్లాకుకూ విలువను ఒక ఫ్లాప్ నుంచి తర్వాతిదానికి జరిపే మూడు ఫ్లాప్‌ల షిఫ్ట్ రిజిస్టర్‌నే తీసుకోండి. క్లాక్ అంచు మీద నడిచే ఆల్వేస్ బ్లాకులో క్యూ1కి డీ, క్యూ2కి క్యూ1, క్యూ3కి క్యూ2 అని మామూలు ‘సమానం’ గుర్తుతో వరసగా రాస్తే, డీ విలువ ఒక్క క్లాకులోనే మూడింటికీ చేరిపోతుంది. కోడ్‌ను గేట్లుగా మార్చే సింథసిస్ టూల్ చివరికి ఒక్క ఫ్లాపే మిగులుస్తుంది. ‘చిన్నది-సమానం’ గుర్తు, అంటే నాన్‌బ్లాకింగ్ అసైన్‌మెంట్, పెడితే కుడివైపు పాత విలువలన్నీ ముందు చదివి, తర్వాతే ఎడమవైపు మారుస్తుంది. మూడు ఫ్లాప్‌లూ నిలుస్తాయి. ఈ తేడాను కోర్సు ఓపిగ్గా, ఉదాహరణల మీద ఉదాహరణలతో చెబుతుంది. దానిలో అన్నిటికన్నా విలువైన భాగం ఇదే. ఆ పాఠాలు వేగం పెంచి చూడకండి.

రెండో గుంట లాచ్, అంటే క్లాక్ అంచుతో పనిలేకుండా విలువను దాచుకునే సర్క్యూట్. కాంబినేషనల్ బ్లాకులో (పాత విలువలు గుర్తుంచుకోని లాజిక్‌లో) ఇఫ్ రాసి ఎల్స్ మరిచిపోయినా, కేస్‌లో కొన్ని విలువలు వదిలేసి డీఫాల్ట్ పెట్టకపోయినా, పాత విలువను దాచుకోడానికి టూల్ ఒక లాచ్ చేరుస్తుంది. సిమ్యులేషన్‌లో ఏమీ తెలియకపోవచ్చు, సింథసిస్ లాగ్‌లో మాత్రం హెచ్చరిక వస్తుంది. బ్లాకు మొదట్లోనే అవుట్‌పుట్‌లన్నిటికీ ఒక విలువ ఇచ్చేయడం అలవాటు చేసుకుంటే ఈ బెడద ఉండదు. ఫర్ లూప్ సంగతీ ఇంతే. సింథసిస్‌లో ఎనిమిదిసార్లు తిరిగే లూప్ అంటే ఎనిమిది కాపీల హార్డ్‌వేర్, ఎనిమిది క్లాకులు కాదు.

ప్రాక్టీసుకు ఐకారస్ వెరిలాగ్ అనే సిమ్యులేటర్, వేవ్‌ఫామ్ (సిగ్నళ్లు కాలంతో ఎలా మారాయో చూపే గీతలు) చూడ్డానికి జీటీకేవేవ్ చాలు. రెండూ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తాయి. కోర్సు అసైన్‌మెంట్లు ఎక్కువగా ఆప్షన్ల ప్రశ్నలే కావడం పెద్ద లోటు, వాటితో చేతికి కోడ్ రాదు. పక్కనే హెచ్‌డీఎల్‌బిట్స్ సైటు తెరిచిపెట్టుకుని, ఆ వారం పాఠానికి సరిపోయే లెక్కలు చేయండి. రాసింది తప్పయితే ఎక్కడ తేడా వచ్చిందో అప్పటికప్పుడే వేవ్‌ఫామ్‌తో చూపిస్తుంది. వారానికి పాఠాలకు మూడు గంటలు, రాయడానికి ఐదు గంటలు అన్న లెక్క బాగుంటుంది.

చివర్లో ఎంఐపీఎస్32 అనే ప్రాసెసర్ రకంలోని కొన్ని ఇన్‌స్ట్రక్షన్లకు పైప్‌లైన్ ప్రాసెసర్ (ఒక ఇన్‌స్ట్రక్షన్ పూర్తికాకముందే తర్వాతిది మొదలుపెట్టేది) రాసి చూపిస్తారు. చాలామంది దాన్నే కాపీ చేసి రెజ్యూమేలో పెడతారు, ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఇట్టే పట్టేస్తారు. ఆ డిజైన్ రెండు ఫేజుల క్లాకుతో నడుస్తుంది. డేటా హజార్డులను (ముందరి ఇన్‌స్ట్రక్షన్ ఫలితం రాకముందే తర్వాతిది దాన్ని చదివేయడం) హార్డ్‌వేర్‌తో కాక, టెస్ట్ ప్రోగ్రాం మధ్యలో డమ్మీ ఇన్‌స్ట్రక్షన్లు దూర్చి తప్పిస్తారు. పాఠానికి అది సబబే. మీరు చేయాల్సింది దాన్ని ఒకే క్లాకుకు మార్చి, ఫార్వర్డింగ్ (ఫలితాన్ని రిజిస్టర్‌లో రాసేదాకా ఆగకుండా తర్వాతి ఇన్‌స్ట్రక్షన్‌కు నేరుగా అందించడం) చేర్చి, డమ్మీలు తీసేసినా సరైన జవాబు వచ్చేలా చూడటం. లోడ్ వెంటనే ఆ విలువే వాడే ఇన్‌స్ట్రక్షన్ వస్తే, ఐదు స్టేజీల పైప్‌లైన్‌లో ఫార్వర్డింగ్ ఉన్నా ఒక క్లాకు ఆగక తప్పదు. అది ఎందుకో బొమ్మ వేసి చెప్పగలిగితే ప్రాజెక్టు మీదేనని ఎదుటివాళ్లు నమ్ముతారు.

సర్టిఫికెట్ గురించి రెండు మాటలు. అసైన్‌మెంట్లకు 25, హాలులో కూర్చుని రాసే పరీక్షకు 75. ఎనిమిది వారాల కోర్సులో బాగా చేసిన ఆరు అసైన్‌మెంట్లు లెక్కలోకి వస్తాయి. 25కి కనీసం 10, 75కి కనీసం 30 విడివిడిగా రావాలి. పరీక్ష ఫీజు వెయ్యి రూపాయలుగా ఉంటూ వచ్చింది, రిజిస్ట్రేషన్ సమయంలో చూసుకోండి. కాలేజీలో క్రెడిట్లకు పనికొస్తుందంటే కట్టండి, లేకపోతే వదిలేయొచ్చు.

వెరిలాగ్ కోర్సులో లేనిది టైమింగ్, అంటే విలువలు క్లాక్ అంచుకు సమయానికి చేరతాయా అన్న లెక్క. దానికి ఐఐఐటీ ఢిల్లీ ప్రొఫెసర్ స్నేహ్ సౌరభ్ చెప్పిన ‘వీఎల్ఎస్ఐ డిజైన్ ఫ్లో: ఆర్టీఎల్ టు జీడీఎస్’ చూడాలి. 12 వారాలది, బరువైనది, కానీ కోడ్ (ఆర్టీఎల్) చిప్ బొమ్మగా (జీడీఎస్) మారే దారంతా ఉచిత టూల్స్‌తో చూపిస్తుంది. అందులో స్టాటిక్ టైమింగ్ భాగం మాత్రం కాగితం మీద లెక్కలు వేస్తూ చూడండి. ఒక గిగాహెర్ట్జ్ క్లాక్ అంటే 1000 పికోసెకన్లు. ఫ్లాప్ నుంచి విలువ బయటికి రావడానికి 100, మధ్య లాజిక్‌కు 780, తర్వాతి ఫ్లాప్ సెటప్‌కు (క్లాక్ అంచుకు ముందే విలువ స్థిరపడి ఉండాల్సిన సమయం) 60 పోతే మిగిలే స్లాక్, అంటే వెసులుబాటు, 60. లాజిక్ ఇంకో 100 పెరిగితే సెటప్ తప్పుతుంది, క్లాక్ తగ్గించుకుంటే చిప్ బతుకుతుంది. హోల్డ్ (అంచు తర్వాత కొంతసేపు విలువ మారకుండా ఉండాల్సిన సమయం) తప్పితే ఏ వేగంలోనూ బాగుపడదు. కారణం, హోల్డ్ లెక్కలో క్లాక్ పీరియడ్ అన్నదే లేదు.

రెండు కోర్సులూ ఇవ్వనిది వెరిలాగ్‌ను విస్తరించిన సిస్టమ్ వెరిలాగ్ భాష, యూవీఎంతో చేసే వెరిఫికేషన్, అంటే డిజైన్ సరిగా పనిచేస్తోందో లేదో పరీక్షించే పని. సీఎస్ఈ వాళ్లకు దగ్గరి దారి మాత్రం అదే. క్లాసులు, ఇన్‌హెరిటెన్స్, పాలీమార్ఫిజం మీకు ముందే తెలుసు, యూవీఎం మొత్తం వాటిమీదే కట్టిన లైబ్రరీ. హైదరాబాద్, బెంగళూరు డిజైన్ సెంటర్లలో వెరిఫికేషన్ పెద్ద పని. క్యాంపస్‌లో ఈసీఈ మాత్రమే అన్న షరతు పెట్టే కంపెనీలూ ఉన్నాయి, అది ముందే తెలిసి ఉండాలి. ఐకారస్‌లో యూవీఎం నడవదు. ఈడీఏ ప్లేగ్రౌండ్ అనే సైటులో ఖాతా తెరిస్తే బ్రౌజర్‌లోనే నడిపే వీలుంది.

అక్కడికి వెళ్లేలోపు 16 గదుల ఫైఫో (ముందు వచ్చిన డేటా ముందు బయటికెళ్లే వరస) ఒకటి రాయండి. రాసే, చదివే చోట్లను చూపే పాయింటర్లకు నాలుగు కాదు, ఐదు బిట్లు కావాలి. ఆ అదనపు బిట్ లేకపోతే నిండిందా, ఖాళీగా ఉందా అన్నది తెలియదు. టెస్ట్‌బెంచ్ (డిజైన్‌ను పరీక్షించే కోడ్) తనంతట తాను సరిచూసుకునేలా రాయండి, వేవ్‌ఫామ్‌ను కళ్లతో చూసి సరే అనుకోవడం వెరిఫికేషన్ కాదు. ఆ తర్వాత యూఏఆర్‌టీ, అంటే డేటాను ఒక్కో బిట్‌గా పంపి అందుకునే సర్క్యూట్. 50 మెగాహెర్ట్జ్ క్లాకుతో 115200 బాడ్‌కు (ఇక్కడ సెకనుకు అన్ని బిట్లు) ఒక్కో బిట్‌కు 434 క్లాకులు. రిసీవర్ స్టార్ట్ బిట్ మధ్యలో, అంటే 217 దగ్గర మొదట చూసి, అక్కణ్నుంచి 434కి ఒకసారి చదవాలి. అంచుల దగ్గర చదివితే కొన్ని బైట్లు బాగా వచ్చి కొన్ని చెడిపోతాయి, తప్పెక్కడుందో వెతకడం నరకం.

ఇవన్నీ అయ్యాక కూడా వీఎల్ఎస్ఐ (చిప్ డిజైన్) ఇన్‌స్టిట్యూట్‌లో చేరాలనిపిస్తే, డబ్బు కట్టేముందు మూడు విషయాలు అడగండి: కమర్షియల్ టూల్ లైసెన్సు ఒక్కో విద్యార్థికి వారానికి ఎన్ని గంటలు దొరుకుతుంది, ప్రాజెక్టు అందరికీ ఒకటేనా, సీఎస్ఈ వాళ్లను ఇంటర్వ్యూలకు పంపుతారా లేదా. మూడో దానికి జవాబు కాగితం మీద తీసుకోండి.