మూడేళ్ల వైర్‌లెస్ బ్రిడ్జ్: ‘ఆటో’ అన్న ఒక్క సెట్టింగ్‌తో వచ్చిన తంటా

గోదాము ప్రాంగణంలోని నాలుగు కెమెరాల దృశ్యాలను 1.8 కిలోమీటర్ల దూరంలోని కంట్రోల్ రూమ్‌కు చేర్చడానికి 5 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ బ్రిడ్జ్ జతను (ఎదురెదురు డిష్‌లతో, తీగ లేకుండా రెండు చోట్లను కలిపే పరికరాలు) బిగించి మూడేళ్లు దాటింది. మధ్యలో అన్నీ ఇతరుల స్థలాలే కావడంతో కేబుల్ కోసం కందకం తవ్వే వీలు లేకపోయింది. మొదటి ఏడాది అడిగిన వారందరికీ దీన్ని కళ్లు మూసుకొని కొనవచ్చని చెప్పాను. ఇప్పుడు ఆ మాటను కొంత సవరించుకోవలసి వస్తోంది.

రెండో ఏడాదిలో ఒకనాడు పాత రికార్డింగ్ చూస్తుండగా నాలుగు కెమెరాల్లోనూ ఒకే సమయంలో దృశ్యం లేని ఖాళీలు కనిపించాయి. విద్యుత్తును అనుమానించి యూపీఎస్ మార్చాము. గాలికి డిష్ కదులుతోందేమోనని స్తంభం మీది క్లాంపులన్నీ మళ్లీ బిగించాము. కనెక్టర్లు కొత్తవి వేశాము. సిగ్నల్ మాత్రం ఎప్పుడు చూసినా మైనస్ 58 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలమానం) దగ్గర నిలకడగానే ఉండేది. చివరికి ఖాళీల నిడివిని వరుసగా కాగితం మీద రాసుకున్నాక అసలు సంగతి తట్టింది: ప్రతి ఖాళీ ఒక నిమిషం పైచిలుకైనా ఉంది, పది నిమిషాల పైచిలుకైనా ఉంది, ఆ రెంటికీ మధ్య ఒక్కటీ లేదు. గాలికీ కరెంటుకూ ఇంత కచ్చితమైన లెక్క తెలియదు.

5250 నుంచి 5350 వరకు, 5470 నుంచి 5725 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న ఛానెళ్లను చాలా దేశాల్లో ఇలాంటి పరికరాలు రాడార్లతో పంచుకోవాలి. రాడార్ జాడ వినబడితే పది సెకన్లలోగా ఆ ఛానెల్‌ను ఖాళీ చేసి, అరగంట వరకు తిరిగి రాకూడదు. ఈ పరిధిలోనే మరో ఛానెల్‌కు మారితే, ప్రసారానికి ముందు 60 సెకన్ల పాటు మౌనంగా వినాలి. వాతావరణ రాడార్లు వాడే 5600–5650 భాగంలో ఆ మౌనం యూరప్ నిబంధనల ప్రకారం పది నిమిషాలు. ఛానెల్‌ను తానే ఎంచుకునే ‘ఆటో’ సెట్టింగ్‌లో ఉన్న మా పరికరం ఈ నియమాలనే తు.చ. తప్పకుండా పాటిస్తోంది. పక్కనున్న మరో లింకు రొదను కూడా ఇలాంటి పరికరాలు రాడార్‌గా పొరబడటం కద్దు. నియమం మీద నాకు ఫిర్యాదు లేదు; తుపాను జాడ పట్టే రాడార్ కంటే నా గోదాము ముఖ్యం కాదు. ఆటో ఛానెల్ అన్న మాట వెనుక ఇంత కథ ఉందని సెటప్ తెర మీద ఒక్క ముక్కయినా రాయకపోవడం పైనే నా కోపం. సాక్ష్యమంతా లాగ్‌లోనే (పరికరం తనలో జరిగినవి నమోదు చేసుకునే చిట్టా) ఉంది, కానీ రీబూట్ చేస్తే ఆ లాగ్ చెరిగిపోతుంది. ఖాళీ కనిపించిన ప్రతిసారీ మేము మొట్టమొదట చేసిన పని రీబూటే.

ఆ తర్వాత రాడార్ నిబంధన వర్తించని ఛానెల్‌ను స్వయంగా ఎంచుకొని, దాని వెడల్పును 80 నుంచి 20 మెగాహెర్ట్జ్‌కు తగ్గించాను. వెడల్పు తగ్గితే వేగమూ తగ్గుతుంది; అయినా ఒక్కో కెమెరాకు సెకనుకు 5 మెగాబిట్ల చొప్పున మాకు కావలసింది 20 మాత్రమే గనుక, పెట్టె మీద ఘనంగా అచ్చేసిన 867 మెగాబిట్ల అంకెతో మాకు ఒరిగేదేమీ లేదు. ఏ ఛానెల్‌కు ఏ నిబంధన వర్తిస్తుందో దేశాన్ని బట్టి మారుతుంది కాబట్టి నా ఛానెల్ సంఖ్య ఇతరులకు పనికిరాదు. పద్నాలుగు నెలలుగా అటువంటి ఖాళీ మళ్లీ రాలేదు.

అయినా పూర్తిగా నిశ్చింతగా లేను. అందరూ చేరే ఆ ఛానెళ్లలో రద్దీ ఎక్కువ కావడంతో సాయంత్రాలు చిత్రం అప్పుడప్పుడు తడబడుతుంది. అందుకే కెమెరాల్లో మెమరీ కార్డులు వేయించాను. లింకు తెగినప్పుడు కార్డులో నిలిచిన దృశ్యాన్ని, తిరిగి కలిశాక రికార్డర్ తెచ్చుకుంటుంది. కెమెరా, రికార్డర్ వేర్వేరు తయారీలైతే ఈ ఏర్పాటు కుదురుతుందో లేదో ముందే పరీక్షించుకోవాలి. చెట్ల సంగతి కూడా ఉంది: ఈ దూరానికి రెండు డిష్‌ల నడిమధ్యన తరంగం దాదాపు 5 మీటర్ల వ్యాసార్థంతో పరుచుకుంటుంది, కనుక అవతలి స్తంభం కంటికి కనిపించినంత మాత్రాన దారి తెరిచి ఉన్నట్టు కాదు.

కందకం తవ్వుకోగల స్థలమే ఉంటే నేను ఈ జత జోలికి పోకుండా సింగిల్ మోడ్ ఫైబర్ (కాంతితో సమాచారం పంపే గాజు తీగ) వేసుకునేవాణ్ణి; ఈ దూరం దానికి లెక్కలోకే రాదు, రాడార్ల గొడవా ఉండదు. మాకు ఆ వెసులుబాటు లేదు కనుక, ఆటో ఛానెల్‌ను ఆపేసిన ఈ జతతోనే నెట్టుకొస్తున్నాము.