విజయనగరంలో గురజాడ వారింటికి

విశాఖలో గది తీసుకుని ఒక్క పూటలో విజయనగరం చూసొచ్చే వాళ్ళే ఎక్కువ. రైలెక్కితే గంట ప్రయాణం కాబట్టి అది వీలే. కానీ గురజాడ అప్పారావు గారి కోసం వెళ్ళేవాళ్ళు ఒక రాత్రి అక్కడే ఉండండి.

స్టేషన్ దగ్గర మేము దిగిన లాడ్జీ బాగాలేదు. దుప్పట్లు మాసిపోయి ఉన్నాయి, వేడినీళ్ళు అడిగితే బకెట్టు తెచ్చిచ్చారు. కోట వైపు గది దొరికితే కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి, అన్నీ నడిచి చూడొచ్చు. ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి షేర్ ఆటోలు ఉంటాయి.

కోట 1713 నాటిది. గురజాడ వారి నాటకం 'కన్యాశుల్కం' మొదటి రంగం జరిగే బొంకుల దిబ్బ ఆ దగ్గర్లోనే. నాటకంలో మాటకారి గిరీశం అడుగుపెట్టింది అక్కడే కదా! ఇప్పుడు అంతా బళ్ళు, హారన్లు. అయినా అక్కడ నిలబడి మా ఆవిడకు ఆ రంగం చదివి వినిపించాను. పక్కన జామకాయలమ్మే ఆవిడ ఉప్పూకారం అద్దడం ఆపి మరీ వింది. నాకు ఈ యాత్ర మొత్తంలో నచ్చింది అదే.

గురజాడ వారిల్లు కూడా నడక దూరమే. ఆయన వాడిన వస్తువులు కొన్ని, ఫొటోలు ఉన్నాయి. ఊరికే చూస్తే అరగంట పని. ముందుగా నాటకానికి ఆయన రాసిన పీఠిక చదివి వెళ్తే మాత్రం తొందరగా కదల్లేరు. విజయనగరం ఆనంద గజపతి మహారాజు అప్పట్లో విశాఖ జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన కన్యాశుల్కం పెళ్ళిళ్ళ, అంటే డబ్బు తీసుకుని ఆడపిల్లనిచ్చిన పెళ్ళిళ్ళ లెక్క తీయించారు. మూడేళ్ళలో 1,034 తేలాయట. అందులో ముగ్గురు ఏడాది పిల్లలు, ఒక్కొక్కరి వెల 350 నుంచి 400 రూపాయలు! ఆ లెక్క మనసులో ఉంటే నాటకంలో చిన్నపిల్ల సుబ్బిని డబ్బుకు ముసలివాడికి కట్టబెట్టబోయే పెళ్ళి గొడవకు నవ్వు రాదు, కడుపు రగులుతుంది. 1892లో ఈ ఊళ్ళోనే తొలిసారి ఆడిన ఆ నాటకాన్ని ఆయన అంతటితో వదల్లేదు, బాగా పెంచి తిరగరాసి 1909లో మళ్ళీ అచ్చు వేయించారు. మనం ఇప్పుడు చదువుతున్నది అదే.

గంటస్తంభం, పైడితల్లి గుడి సాయంత్రం చూడొచ్చు. పైడితల్లి జాతర సిరిమానోత్సవం రోజుల్లో అయితే గది ముందే మాట్లాడుకోండి, ఊరంతా జనమే. పిల్లలుంటే సంగీత కళాశాల వైపు కూడా తీసుకెళ్ళండి. హరికథకు పేరుపడ్డ ఆదిభట్ల నారాయణదాసు, వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు ప్రిన్సిపాళ్ళుగా పనిచేసిన చోటు అది.