కాటలీనా 36, ఐలండ్ ప్యాకెట్ 35: చెసాపీక్ బేలో రెండింటినీ ఏళ్ల తరబడి నడిపాక

అమెరికాలో మేరీలాండ్‌లోని అనాపొలిస్‌లో పడవ కట్టుకుని చెసాపీక్ బే అనే అఖాతంలో తిరగాలనుకునేవారు 35 అడుగుల అటూఇటూ పాత సెయిల్‌బోటు కోసం వెతికితే, కాటలీనా 36, ఐలండ్ ప్యాకెట్ 35 అనే రెండు పేర్లు తప్పక ఎదురవుతాయి. మొదటిదాన్ని చాలా ఏళ్లు నడిపి అమ్మేశాను. రెండోదాన్ని ఇప్పటికీ నడుపుతున్నాను. అవే నీళ్లలో, అదే కుటుంబంతో రెండూ ఎలా పనిచేశాయో ఇక్కడ రాస్తున్నాను.

నీటిమట్టం దగ్గర రెండింటి పొడవూ సుమారు 30 అడుగులే. కానీ 1982లో మొదలై రెండు వేలకు పైగా తయారైన కాటలీనా బరువు దాదాపు 6,100 కిలోలు కాగా, బాబ్ జాన్సన్ రూపకల్పనలో 1988 నుంచి 1994 వరకు వచ్చిన ఐలండ్ ప్యాకెట్ 7,900 కిలోల పైన తూగుతుంది. నీటి కింద తేడా ఇంకా పెద్దది. పడవ అడుగున నీళ్లలోకి దిగి, దాన్ని బోల్తా పడకుండా నిలిపే బరువైన భాగమే కీల్. కాటలీనాకు నడుమ భాగంలో చేప రెక్కలాంటి సన్నని, లోతైన ఫిన్ కీల్, వెనక విడిగా చుక్కాని ఉంటాయి. ఐలండ్ ప్యాకెట్‌కు కీల్ అడుగు పొడవునా సాగి చుక్కాని దాకా వస్తుంది. ప్రొపెల్లర్ ఆ రెండింటి మధ్య సందులో ఒదిగి ఉంటుంది. ఈ పడవల మంచిచెడులు చాలావరకు ఈ తేడా నుంచే పుట్టాయని నా అనుభవం.

జూలై, ఆగస్టు నెలల్లో ఈ బేలో గాలి చాలా రోజులు పేరుకే ఉంటుంది. అలాంటప్పుడు కాటలీనా ఇచ్చే ఆనందం మరో పడవ ఇవ్వదు. ఎనిమిది నాట్ల (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) గాలికే అది నాలుగున్నర నాట్ల వేగం అందుకునేది, ఎదురుగాలిలోనూ చక్కగా ముందుకు సాగేది, చక్రం తిప్పగానే తల తిప్పేది. అదే గాలిలో ఐలండ్ ప్యాకెట్ మూడు నాట్లు దాటడానికే కష్టపడుతుంది. పైగా ముందు రెండు తాళ్ల మీద రెండు తెరచాపలుండే కటర్ అమరిక కనుక, దిశ మార్చిన ప్రతిసారీ పెద్ద తెరచాప ఆ రెండు తాళ్ల మధ్య ఇరుకు సందులోంచి అవతలికి జారాలి. గాలి తక్కువైతే అది అక్కడే చిక్కుకుని వేలాడుతుంది. వేసవి సాయంత్రాలు రెండు గంటలు తిరిగి వచ్చేయడమే కోరిక అయితే ఐలండ్ ప్యాకెట్ కొనవద్దని నిస్సందేహంగా చెబుతాను.

గాలి పెరిగితే కథ మారుతుంది. ఈ బేలో అలలు ఎత్తుగా ఉండవు గానీ, దగ్గరదగ్గరగా, నిటారుగా లేస్తాయి. థామస్ పాయింట్ దీపస్తంభం దగ్గర దక్షిణపు గాలి ఇరవై నాట్లు దాటినప్పుడు కాటలీనా ముక్కు ప్రతి అలకూ దబ్బున పడేది, పడవ బాగా ఒరిగేది, రెండోసారి రీఫ్ వేసేదాకా (తెరచాపను కొంత మడిచి చిన్నది చేసేదాకా) చక్రం బరువుగానే ఉండేది. ఐలండ్ ప్యాకెట్‌లో ముందున్న పెద్ద తెరచాప చుట్టేసి, దిశ మార్చినప్పుడు తనంతట తానే అవతలికి మారే చిన్న ముందు తెరచాప స్టేసెయిల్‌తో, మడిచిన మెయిన్‌తో (మాస్టు వెనక ఉండే ప్రధాన తెరచాపతో) సాగితే, అదే చోట చక్రం దగ్గరి కాక్‌పిట్‌లో కూర్చుని మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు. కాకినాడ నుంచి మా అత్తగారు, మామగారు వచ్చినప్పుడు ఈ తేడా నాకు బాగా తెలిసింది. కాటలీనా ఒరగగానే కడ్డీ పట్టుకుని లేచి నిలబడే మా అత్తగారు, ఈ పడవలో కేబిన్ బల్ల మీద మూత తీసిన పులిహోర గిన్నె పెట్టి అందరికీ వడ్డించారు.

అయినా నన్ను పడవ మార్చేలా చేసింది అలలు కాదు, లోతు. సుమారు 320 కిలోమీటర్ల పొడవున్న చెసాపీక్ బే సగటు లోతు 21 అడుగులే. పడవ నిలుపుకోవడానికి అందమైన వాగులన్నీ అంతకన్నా చాలా తక్కువ లోతున్నవి. నా కాటలీనాకు 5 అడుగుల 10 అంగుళాల నీరు కావాల్సి వచ్చేది. బే తూర్పు వైపున్న ఆక్స్‌ఫర్డ్ ఊరికి వెళ్లాలంటే ఇసుక మేటలు వేసే నాప్స్ నారోస్ అనే ఇరుకు జలమార్గం వదిలి, టిల్గ్‌మన్ ద్వీపాన్ని దక్షిణంగా చుట్టి వెళ్లేవాళ్లం. ఐలండ్ ప్యాకెట్‌కు నాలుగున్నర అడుగులు చాలు. వై నదిలో చెట్ల నీడ పడేంత లోపలికి వెళ్లి లంగరు వేయగలుగుతున్నాం. కాటలీనా 36ను 4 అడుగుల 5 అంగుళాల నీరు చాలే వింగ్ కీల్‌తో (అడుగున రెక్కలున్న పొట్టి కీల్‌తో) కూడా తయారుచేశారు; ఈ బేలో తిరగడానికి కాటలీనాయే కావాలనుకుంటే దాన్నే వెతకమంటాను.

పీతలు పట్టే బుట్టల తాళ్ల సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. వేసవిలో వాటి రంగుల బుడగలు నీటి మీద ఎక్కడపడితే అక్కడ తేలుతుంటాయి. కాటలీనాలో తాడు చుక్కానికో, బయటికి ఉన్న ప్రొపెల్లర్‌కో చుట్టుకుంటుందని సాయంత్రపు వెలుగులో ఒకరు ముందు నిలబడి చూస్తుండాల్సిందే. పొడవాటి కీల్ మీదుగా తాడు జారిపోవడం వల్ల ఇప్పుడు ఆ బెంగ చాలావరకు తగ్గింది.

ఈ పొడవాటి కీల్‌కు మూల్యం మెరీనాలో (పడవలు కట్టే రేవులో) చెల్లించాలి. కాటలీనా వెనక్కి కారులా వచ్చేది. ఐలండ్ ప్యాకెట్ వెనక్కి నడిచేటప్పుడు చుక్కాని మాట వినదు, పక్కగాలి ఎటు తోస్తే అటు పోతుంది. మొదట ఒక తాడు గుంజకు వేసి, దాని ఆధారంగా పడవను తిప్పుకోవడం నేర్చుకోక తప్పదు.

లోపలి సౌకర్యంలో వెలుతురు, విశాలత కాటలీనావి. సామాను పెట్టుకునే చోటు, రాత్రిళ్లు కదలకుండా నిద్రపోయే స్థిమితం ఐలండ్ ప్యాకెట్‌వి.

ధరలో ఐలండ్ ప్యాకెట్ స్పష్టంగా ఎక్కువ. కొనేముందు కాటలీనాలో కీల్ బోల్టులనూ, కీల్ అతుకునూ సర్వేయర్ (పడవలను పరీక్షించే నిపుణుడు) చేత చూపించాలి. బోల్టులు కేబిన్ నేల తీస్తే కనిపిస్తాయి. ఐలండ్ ప్యాకెట్‌లో మాస్టు తాళ్లను పట్టి ఉంచే చెయిన్‌ప్లేట్లు ఫైబర్‌గ్లాస్ లోపల మూసి ఉంటాయి కనుక సర్వేయర్ కంటికి చాలావరకు అందవు. అందుకే వాటిని ఎప్పుడు మార్చారో రాతపూర్వకంగా అడగాలి. మార్చలేదంటే ఆ ఖర్చును ధరలోంచి తగ్గించమని కోరాలి.