హోంగ్‌త్సున్, చెంగ్చిలౌ: ఒక్కో వంశానిది ఒక్కో తీరు నిర్మాణం

చైనాలో ఆన్హుయి రాష్ట్రంలోని హోంగ్‌త్సున్ వాంగ్ వంశీకుల ఊరు. ఫుజియన్‌లోని చెంగ్చిలౌ జియాంగ్ వంశానిది. 1709లో పూర్తయిన ఆ గుండ్రటి మట్టి కట్టడమే వాళ్లకు ఊరు.

హోంగ్‌త్సున్‌కు ప్రాణం నీరు. వాగుకు అడ్డకట్ట వేసి మళ్లించిన నీరు రాతి కాలువల్లో ఇళ్ల ముంగిళ్ల మీదుగా అర్ధచంద్రాకారపు చెరువుకు, అక్కణ్నుంచి 1607 నాటి దక్షిణ సరస్సుకు చేరుతుంది. ఇళ్లు మన మండువా లోగిళ్లలాంటివే, వెలుతురూ వాననీరూ నడిమి నుంచే వస్తాయి. చెక్క ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి కనుక నిప్పు పాకకుండా పక్కగోడల్ని కప్పుకన్నా ఎత్తుగా, మెట్లు మెట్లుగా లేపారు.

చెంగ్చిలౌ దొంగల భయంతో పుట్టింది. చెక్క చట్రంలో తేమమట్టి పోసి, పొరపొరకూ దిమ్మిసతో కొట్టి, మధ్యలో వెదురు బద్దలు పరిచారు. బయటి వలయంలో నాలుగు అంతస్తులు: అడుగున వంటిళ్లు, దానిపైన ధాన్యం, పై రెండింట్లో పడకగదులు. కింది రెండు అంతస్తుల్లో బయటికి కిటికీల్లేవు. ఒక్కో కుటుంబానికి కింది నుంచి పైదాకా నిలువు వాటా. గదులన్నీ ఒకే కొలత. పెద్దింటివాడికీ ఎక్కువ రాదు, నాకు బాగా నచ్చేది ఇదే.

మట్టిగోడకు శత్రువు వాన. అందుకే చూరు అంత ముందుకు వస్తుంది. పెంకు జారినా పట్టించుకోకపోతే నీరు గోడ తలలోకి దిగి మట్టిని కరిగిస్తుంది. హోంగ్‌త్సున్‌లో ఆ శ్రద్ధ కాలువల పూడికతీతకు కావాలి.