బాల్ మిల్లులో ఆడించిన 'నానో టైటానియా' కొంటున్నారా? డబ్బు కట్టేముందు ఇవి చూడండి

విజయవాడ, గుంటూరు కాలేజీల్లో ప్రాజెక్టులకీ, అద్దకం నీళ్ళ శుద్ధికీ టైటానియం డయాక్సైడ్ (టైటానియా) కొనేవాళ్ళు జాగ్రత్త. పెయింట్లలో వాడే మామూలు పొడినే బాల్ మిల్లులో, అంటే గోళీలు వేసి తిప్పే డబ్బాలో, గంటలకొద్దీ ఆడించి "20 నానోమీటర్ల ఫోటోక్యాటలిస్ట్" (వెలుతురు పడితే నీళ్ళలోని రంగుని విరగ్గొట్టే పొడి) అని అంటగడుతున్నారు. అమ్మినవాళ్ళ పేరు రాయడం లేదు, సరుకును గుర్తుపడితే చాలు.

పెయింటు గ్రేడు రేణువు సుమారు 200–300 నానోమీటర్లు ఉంటుంది. ఎండకి పెయింటు సుద్దలా రాలకుండా దానికి అల్యూమినా, సిలికా పూత వేస్తారు. అంటే ఫోటోక్యాటలిసిస్ జరగకూడదనే చేసిన సరుకన్నమాట!

అసలు మెత్తనైతే చాలు చురుకు పెరుగుతుందనేది సగమే నిజం. కారం మర వేడెక్కితే మిరప రంగు దిగిపోతుందని గుంటూరులో ఎవరినడిగినా చెప్తారు. ఇక్కడ దిగేది స్ఫటికం. గోళీల దెబ్బలకి పైపొర చెదురుతుంది. వెలుతురుకి పుట్టిన ఎలక్ట్రాన్, హోల్ (ఎలక్ట్రాన్ వదిలిన ఖాళీ) ఆ లోపాల దగ్గరే కలిసిపోతాయి, తాము విరగ్గొట్టాల్సిన రంగు అణువు దాకా చేరవు. ఇంకా ఆడిస్తే అనటేజ్ (టైటానియాలో బాగా చురుకైన స్ఫటిక రూపం) కాస్తా శ్రీలంకైట్‌గా, రూటైల్‌గా (టైటానియాకే వేరే స్ఫటిక రూపాలు) మారుతుంది. రేణువులు ముద్దకట్టి, పెరిగిన ఉపరితలం మళ్ళీ తగ్గుతుంది.

మరి ఆ "20" ఎక్కడిది? ఎక్స్‌ఆర్‌డి (ఎక్స్-కిరణాలతో స్ఫటికాన్ని చూసే పరీక్ష) గ్రాఫులో పీకు వెడల్పుని, దాన్నుంచి సైజు లెక్కగట్టే షెరర్ సూత్రంలో వేస్తే వచ్చేది. అది స్ఫటికం సైజే గానీ రేణువుది కాదు. పైగా మిల్లింగ్ స్ట్రెయిన్ (ఆడించడంతో స్ఫటికంలో వచ్చే వంకర) వల్ల కూడా పీకు వెడల్పవుతుంది. అందుకని బీఈటీ (గ్రాముకి ఎంత ఉపరితలం ఉందో కొలిచే పరీక్ష) రిపోర్టు అడగండి. నిజంగా 20 నానోమీటర్ల విడి రేణువులైతే గ్రాముకి 75 చదరపు మీటర్ల దాకా రావాలి. 12 అని ఉంటే అవి దాదాపు 130 నానోమీటర్ల ముద్దలు. ఎక్స్‌ఆర్‌డి గ్రాఫు (కాపర్ ట్యూబుతో తీసింది) కూడా తెప్పించుకోండి: అనటేజ్ 25.3 డిగ్రీల దగ్గర, రూటైల్ 27.4 దగ్గర, శ్రీలంకైట్ 31.5 దగ్గర కనిపిస్తాయి.

పొడి బూడిదరంగులోనో లేత గోధుమరంగులోనో ఉంటే "విజిబుల్ లైట్‌కి కూడా పనిచేస్తుంది" అంటారు. చాలాసార్లు అది స్టీలు గోళీలు అరిగిన ఇనుము. 1 గ్రాము పొడిని 10 మి.లీ. సగానికి సగం నీళ్ళు కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వెచ్చబెట్టి, వడగట్టి, కరిగిన ఇనుము ఫెర్రిక్ రూపానికి రావడానికి ఒక చుక్క హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసి, అమ్మోనియం థయోసయనేట్ ద్రావణం నాలుగు చుక్కలు వేయండి. ఎర్రబడిందంటే ఇనుమే. బజారు ఆసిడ్‌లోనే ఇనుము ఉంటుంది కాబట్టి ల్యాబ్ గ్రేడు వాడండి, పొడి లేకుండా ఇదే పరీక్ష ఒకటి పోల్చుకోడానికి పక్కన పెట్టుకోండి.

చురుకు పరీక్షకి లీటరుకి 10 మి.గ్రా. మిథిలీన్ బ్లూ (నీలి రంగు) ద్రావణం 100 మి.లీ., పొడి 0.1 గ్రాము చాలు. ముందు 30 నిమిషాలు చీకట్లో కలపాలి. ఇది మానేస్తే పొడికి అంటుకున్న రంగంతా "విరిగిపోయిన" లెక్కలో పడుతుంది, అమ్మేవాళ్ళు చూపించే వీడియోల్లో కిటుకు ఇదే. తర్వాత 365 నానోమీటర్ల దీపం కింద పెట్టి, నమూనాలను సెంట్రిఫ్యూజ్ చేసి స్పెక్ట్రోఫోటోమీటరులో 664 నానోమీటర్ల దగ్గర రీడింగు (ఎంత రంగు మిగిలిందో) తీయండి. పక్కన పొడి లేని ద్రావణం ఒకటి, పి25 (పోలికకి వాడే ప్రామాణిక టైటానియా) వేసింది ఒకటి ఉండాలి. మిథిలీన్ బ్లూ వెలుతురుకి తనంతట తనే కొంత వెలిసిపోతుంది.

ఇప్పటికే కొనేసి ఉంటే, అది పూతలేని అనటేజ్ అయితే కొంత దారికి తేవచ్చు. పలచటి ఆమ్లంతో ఇనుము కడిగి, నీళ్ళు తటస్థమయ్యేదాకా కడిగి, ఆరబెట్టి, గాలిలో 450 డిగ్రీల దగ్గర 2 గంటలు కాల్చండి. 600 దాటిస్తే రూటైల్ అవడం మొదలవుతుంది. జింక్ ఆక్సైడ్‌కి మాత్రం ఈ ఆసిడ్ కడుగుడు పనికిరాదు, పొడి మొత్తం కరిగి కాలవలో పోతుంది.