సతాయించే పాత లాప్‌టాప్‌కు ఏ లినక్స్ కుదురుతుంది?

నల్లగొండ, పాలమూరు వైపు డిగ్రీ పిల్లల చేతుల్లో 2014, 15 నాటి లాప్‌టాప్‌లు ఇంకా చాలానే ఉన్నాయి. పెంటియం ఎన్3540 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, వైఫైకి రియల్‌టెక్ 8723బీఈ కార్డు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 జాబితాలో ఈ ప్రాసెసర్ లేదు. విండోస్‌కు బదులు లినక్స్ అనే ఉచిత సిస్టమ్ ఎక్కిద్దామంటే ఈ రకం మెషీన్ ఊరికే లొంగదు. వైఫై గది దాటితే పోతుంది, ఉన్నట్టుండి స్క్రీన్ బిగుసుకుపోతుంది, ఇన్‌స్టాల్ పూర్తయ్యాక కూడా విండోసే తెరుచుకుంటుంది. ఈ మూడు తిప్పలను దృష్టిలో పెట్టుకొని లినక్స్ మింట్, ఉబుంటు, ఫెడోరా, డెబియన్, ఎంఎక్స్ లినక్స్ అనే ఐదు డిస్ట్రోలను (లినక్స్ రకాలను) ఇక్కడ బేరీజు వేశాం. మా ఓటు ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్‌తో వచ్చే మింట్ 22కి. ఎందుకో కిందికి పోతుంటే తెలుస్తుంది.

మొదటి లెక్క డేటాది. ఉబుంటు 24.04 ఐఎస్ఓ ఫైలు (ఇన్‌స్టాల్ చేయడానికి దించుకునేది) దాదాపు 6 జీబీ. రోజుకు 1.5 జీబీ వచ్చే ఫోన్ ప్లాన్ మీద నాలుగు రోజులు పడుతుంది. మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ 3 జీబీ లోపే. డెబియన్ నెట్ ఇన్‌స్టాల్ ఫైలు 1 జీబీ కూడా ఉండదు గానీ, మిగతాదంతా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నెట్ నుంచే లాగుతుంది. అందుకే అది చిన్నదని మురవొద్దు. 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో వెంటాయ్ అనే టూల్ ఎక్కిస్తే ఐఎస్ఓలన్నీ ఒకేచోట మామూలు ఫైళ్లలా కాపీ చేసుకోవచ్చు, ఒక్కొక్కదానికి మళ్లీ రాయాల్సిన పని లేదు. సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని సిస్టమ్‌ను తెరవనివ్వని కాపలా) ఆన్‌లో ఉంటే మొదటిసారి కీ ఎన్‌రోల్ చేయమని అడుగుతుంది, చేయకుంటే ముందుకు పోదు.

ఏదైనా ఇన్‌స్టాల్ చేసే ముందు లైవ్‌లోనే, అంటే పెన్‌డ్రైవ్ నుంచే, అరగంట నడపాలి. మూత మూసి తెరిస్తే లేస్తుందా, వెలుతురు తగ్గించే మీటలు పనిచేస్తున్నాయా, హెడ్‌ఫోన్ పెడితే స్పీకర్ ఆగుతుందా చూసుకోండి. విండోస్‌ను పక్కన ఉంచుకునేవాళ్లు దాని ఫాస్ట్ స్టార్టప్‌ను ముందే ఆపేయాలి. లేకపోతే విండోస్ పూర్తిగా మూతపడదు, లినక్స్ నుంచి ఆ డ్రైవ్‌లో రాయడం కుదరదు.

ఇక వైఫై. అసలు లొల్లి ఇక్కడే. చాలామంది డిస్ట్రో మీద నింద వేసి ఇంకోటి ఎక్కిస్తారు, అందులోనూ అదే ఒక్క గీత సిగ్నల్. వెనక మూత విప్పితే సంగతి కళ్లకు కడుతుంది. గోరంత కార్డు మీద రెండు బంగారు రంగు చుక్కలు ఉంటాయి. సన్నటి యాంటెనా వైరు ఒకటే ఉంటుంది, ఒక చుక్కకే తగిలించి ఉంటుంది, రెండోది బోడిగా కనిపిస్తుంది. ఖర్చు తగ్గించడానికి లాప్‌టాప్ తయారీదారు చేసిన పని అది. డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) ఖాళీగా ఉన్న చుక్కను పట్టుకుంటే సిగ్నల్ ఎక్కడి నుంచి వస్తుంది?

మందు ఒకే లైను. ఈటీసీ ఫోల్డర్‌లోని మోడ్‌ప్రోబ్.డీ లోపల కాన్ఫ్ అనే ముగింపుతో కొత్త ఫైలు తెరిచి, ‘ఆప్షన్స్ ఆర్‌టీఎల్8723బీఈ యాంట్_సెల్=2’ అని రాసి సేవ్ చేసి రీస్టార్ట్ చేయాలి. టైప్ చేసేది ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే. మార్పు రాకపోతే 2 తీసేసి 1 పెట్టండి. సరైన అంకె పడితే మైనస్ 80 డీబీఎం దగ్గర ఊగిసలాడే సిగ్నల్ మైనస్ 50ల్లోకి వస్తుంది (సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం), పక్క గదిలోనూ వీడియో ఆగదు. సిగ్నల్ నిండుగా ఉన్నా మధ్యమధ్యలో తెగిపోతుంటే అదే లైను చివర ‘ఎఫ్‌డబ్ల్యూఎల్‌పీఎస్=0’ చేర్చండి, అది కార్డు పవర్ సేవింగ్‌ను ఆపుతుంది. బ్లూటూత్‌దీ ఇదే కార్డు, ఇదే యాంటెనా. కాబట్టి బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ వాడుతున్నప్పుడు వైఫై కొంత మందగించడం ఉంటుంది.

ఈ లైను ఐదింటిలోనూ ఒకేలా పనిచేస్తుంది, ఎందుకంటే డ్రైవర్ ఉండేది అన్నిటికీ ఉమ్మడి అయిన లినక్స్ గుండెకాయ కెర్నల్‌లో. తేడా ఎక్కడంటే ఆ లైను రాసేదాకా నెట్ ఎట్లా అన్నదాంట్లో. డెబియన్ నెట్ ఇన్‌స్టాలర్‌లో ఇది మరీ ఇరకాటం. 12వ వెర్షన్ నుంచి ఫర్మ్‌వేర్ (కార్డు పనిచేయడానికి కావాల్సిన ఫైలు) లోపలే వస్తుంది కాబట్టి కార్డు కనిపిస్తుంది, కానీ బలహీన సిగ్నల్ మీదే వందల ఎంబీ లాగాలి, సగంలో తెగుతుంది. ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేస్తే తీరిపోతుంది. మింట్‌లో అసలు ఈ బాధ లేదు, నెట్ లేకుండానే 15, 20 నిమిషాల పనితో డెస్క్‌టాప్ చేతికొస్తుంది. హార్డ్ డిస్క్ ముసలిదైతే ఇంకాస్త ఎక్కువ.

స్క్రీన్ బిగుసుకుపోవడానికి కారణం పైన చెప్పిన ఎన్3540 లాంటి బే ట్రయల్ తరం ప్రాసెసర్. ఖాళీగా ఉన్నప్పుడు లోతైన నిద్రలోకి జారి, లేవలేక మొత్తం ఆగిపోతుంది. మౌస్ కదలదు, పాట ఒకే ముక్క దగ్గర జీరగా మోగుతుంది, పవర్ బటన్ నొక్కిపట్టడం తప్ప దారి ఉండదు. లైవ్‌లోనే తేల్చుకోవచ్చు. ఆన్ కాగానే వచ్చే గ్రబ్ మెనూలో ‘ఈ’ నొక్కి, లినక్స్‌తో మొదలయ్యే లైనులో ‘క్వయట్ స్ప్లాష్’ పక్కన ‘ఇంటెల్_ఐడిల్.మ్యాక్స్_సీస్టేట్=1’ చేర్చి, ఎఫ్10 కొట్టండి. నిలబడితే ఇన్‌స్టాల్ అయ్యాక ఈటీసీలోని డిఫాల్ట్ ఫోల్డర్‌లో గ్రబ్ ఫైలులో అదే రాసి, ఫెడోరా తప్ప మిగతావాటిలో అప్‌డేట్-గ్రబ్ కమాండ్ నడపాలి. బ్యాటరీ కొంత త్వరగా దిగుతుంది. పని మధ్యలో బిగుసుకోవడం కన్నా అదే నయం. ఫ్రీజ్ కాని మెషీన్‌లో మాత్రం దీన్ని పెట్టొద్దు.

మూడో తిప్ప బూట్, అంటే లినక్స్ ఎక్కించాక కూడా విండోసే తెరుచుకోవడం. కొన్ని లాప్‌టాప్‌ల బయాస్ (ఆన్ కాగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్) విండోస్ పేరు తప్ప ఇంకో ఎంట్రీని లెక్కచేయదు. గ్రబ్-ఇన్‌స్టాల్ కమాండ్‌కు రిమూవబుల్ ఆప్షన్ ఇస్తే బూట్ ఫైలు ఈఎఫ్ఐ పార్టిషన్ (డిస్క్‌లో బూట్ ఫైళ్లుండే భాగం) లోని బూట్ ఫోల్డర్‌లో కూర్చుంటుంది. విండోస్ లేని మెషీన్‌లో బయాస్ నేరుగా దాన్నే పట్టుకుంటుంది. రెండూ ఉంటే బూట్ మెనూ మీటతో ఎంచుకోవాల్సి రావచ్చు.

ఉబుంటు మంచి సిస్టమే, ఈ మెషీన్‌కు బరువు. గ్నోమ్ డెస్క్‌టాప్‌తో 4 జీబీ ర్యామ్ త్వరగా నిండుతుంది. ఫైర్‌ఫాక్స్ స్నాప్ ప్యాకేజీగా (కావాల్సినవన్నీ ఒకే మూటగా కట్టిన రూపంలో) వస్తుంది కాబట్టి హార్డ్ డిస్క్ మీద మొదటిసారి తెరుచుకునేసరికి ఓపిక పోతుంది. ఫెడోరాలో జెడ్‌ర్యామ్ (ర్యామ్‌లోని డేటాను కుదించి చోటు మిగిల్చేది) ముందే ఆన్‌లో ఉండటం 4 జీబీ వాళ్లకు మేలు, కెర్నల్ కూడా ఎప్పటికప్పుడు కొత్తది. కానీ ఒక్కో వెర్షన్‌కు మద్దతు దాదాపు 13 నెలలే, అప్‌డేట్లు ఎక్కువ. ఫోన్ డేటా మీద బతికే ఇంటికి నప్పదు. ఎంఎక్స్ లినక్స్ తేలిక, వేగం, సొంత టూల్స్ బాగుంటాయి. 2 జీబీ ర్యామ్ మెషీన్ అయితే మింట్‌ను కాదని దీన్నే చెబుతాం. కొత్తవాళ్లకు దాని మెనూలు గజిబిజిగా ఉంటాయి, అదొక్కటే వెనకడుగు. మింట్ 22కు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి, ఫైర్‌ఫాక్స్ స్నాప్ కాదు, సిస్టమ్‌ను పాత స్థితికి తిప్పే టైమ్‌షిఫ్ట్ లోపలే ఉంటుంది.

టైమ్‌షిఫ్ట్‌ను మొదటి రోజే పెట్టుకోండి. ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేస్తే కరెంటు పోతుంది, ఈ లాప్‌టాప్‌ల బ్యాటరీలు చాలావరకు చచ్చినవే. అప్‌డేట్ మధ్యలో ఆగితే కంగారుపడి మళ్లీ ఇన్‌స్టాల్ చేయొద్దు. టెర్మినల్‌లో ముందు సుడో (అడ్మిన్ హక్కు ఇచ్చే మాట) పెట్టి ‘డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ’ నడిపితే సగంలో ఉన్న ప్యాకేజీలు సర్దుకుంటాయి.

యూట్యూబ్ తడబడితే ప్రాసెసర్ గ్రాఫిక్స్‌కు యూట్యూబ్ వాడే వీపీ9 రకం వీడియోను విప్పే శక్తి లేకపోవడమే కారణం. బ్రౌజర్‌లో హెచ్264 రకం వీడియోనే అడిగే హెచ్264ఐఫై ఎక్స్‌టెన్షన్, సిస్టమ్‌లో ఐ965-వీఏ-డ్రైవర్ వేస్తే 720పీ హాయిగా చూడొచ్చు.

తెలుగు విషయంలో లోటు లేదు. ఫాంట్స్-తెలు ప్యాకేజీలో లోహిత్, పోతన, వేమన వస్తాయి. టైపింగ్‌కు ఐబస్-ఎం17ఎన్ వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన, యాపిల్ కీబోర్డులు నాలుగూ దొరుకుతాయి. అయితే అను ఫాంట్లతో పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీలు కొట్టే డీటీపీ సెంటర్‌వాళ్లు విండోస్‌ను వదులుకోవద్దు, ఆ సాఫ్ట్‌వేర్ దానికే రాసింది.

డబ్బు పెట్టగలిగితే ముందు 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ వేయించండి, అది తెచ్చే వేగం ఏ డిస్ట్రో తేలేదు. తర్వాత ర్యామ్. ఈ ప్రాసెసర్ 8 జీబీ దాకా తీసుకుంటుంది, కానీ 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ స్టిక్కే కావాలి. క్లాక్ టవర్ దగ్గరైనా ఇంకెక్కడైనా సెకండ్‌హ్యాండ్ స్టిక్ కొనేటప్పుడు దాని లేబుల్ మీద ‘పీసీ3ఎల్’ అని ఉందో లేదో చూడండి. ‘ఎల్’ లేనిది 1.5 వోల్టులది, అది పెడితే లాప్‌టాప్ ఆన్ కాకపోవచ్చు.