క్రేన్‌కి పెండెంటా, రేడియో రిమోటా: ఏది మేలు?

ఎప్పుడో ఒకసారి, ఒకే చోట ఎత్తి దించే చిన్న హాయిస్ట్ (బరువు ఎత్తే యంత్రం) అయితే పెండెంట్, అంటే క్రేన్ నుంచి కేబుల్‌తో వేలాడే బటన్ల పెట్టె, చాలు. బ్యాటరీ బెడద లేదు, లోపం వస్తే మల్టీమీటర్‌తో వెతికి పట్టుకోవచ్చు. ఎక్కువగా వచ్చే జబ్బు కేబుల్ లోపలి తీగ తెగడం. పెండెంట్ బరువు కేబుల్ మీద కాక పక్కనున్న స్టీల్ తాడు మీద పడేలా కడితే అదీ చాలావరకు రాదు.

ఎత్తేది పొడవాటిదైనా, వేడిదైనా, దారిలో యంత్రాలు అడ్డున్నా రిమోటే మేలు. పెండెంట్ పట్టుకున్న మనిషి క్రేన్ వెళ్లే దారిలోనే నడవాలి. బరువును చూస్తూ నడుస్తాడు కాబట్టి కాళ్ల కింద ఏముందో చూసుకోలేడు. రిమోట్ ఉంటే ఎక్కడ నిలబడాలో అతనే ఎంచుకుంటాడు. పని వేగం పెరగడం కన్నా ఇదే పెద్ద లాభం.

అయితే అతను క్రేన్‌కి అవతలివైపు నిలబడితే కుడి ఎడమలు తారుమారవుతాయి. అందుకే గర్డర్ (క్రేన్ అడ్డదూలం) మీద, నేల నుంచి కనిపించేంత పెద్దగా, బటన్ల మీదున్న గుర్తులే వేయించాలి.

రిమోట్ మంచిచెడ్డలు తేలేది స్టాప్ వైరింగ్‌లోనే. క్రేన్ మీద రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్‌లోని స్టాప్ రిలే కాంటాక్ట్‌లను మెయిన్ కాంటాక్టర్ (క్రేన్ మొత్తానికీ కరెంటు ఇచ్చే పెద్ద స్విచ్) కాయిల్‌కి సిరీస్‌లో పెట్టాలి. కొందరు వాటిని కదలికల కాంటాక్టర్ల దాకే తెచ్చి వదిలేస్తారు. అప్పుడు హాయిస్ట్ కాంటాక్టర్ అతుక్కుపోయిందంటే, ఎర్ర బటన్ ఎంత నొక్కినా మోటారు ఆగదు. కొక్కెం మరీ పైకి పోకుండా ఆపే పై లిమిట్ స్విచ్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ బైపాస్ చేయకండి.

షిఫ్ట్ మొదట్లో, బరువు లేకుండా, నెమ్మదిగా లాంగ్ ట్రావెల్ (క్రేన్ మొత్తం పట్టాల మీద కదలడం) నడిపిస్తూ స్టాప్ నొక్కండి: మెయిన్ కాంటాక్టర్ పడిపోవాలి, అంటే తెరుచుకుని కరెంటు ఆపాలి. స్టాప్ పైకి తీశాక, స్టార్ట్ నొక్కేదాకా ఏదీ కదలకూడదు. బిగించిన రోజునా, ఆ తర్వాత మెయింటెనెన్స్ చేసినప్పుడల్లా ఇంకొకటి చూడాలి. క్రేన్ కదులుతుండగానే ట్రాన్స్‌మిటర్ (చేతిలోని రిమోట్) బ్యాటరీ లాగేయండి. సిగ్నల్ పోతే ఎంతసేపట్లో ఆగాలో మాన్యువల్‌లో రాసి ఉంటుంది, ఆలోపు దానంతటదే ఆగాలి. ఆగకపోతే ఆ క్రేన్‌ను పనిలోకి దించవద్దు.

మధ్యమధ్యలో సిగ్నల్ పోతుంటే ముందు యాంటెన్నా చూడండి. ఇనుప ప్యానెల్ లోపలుంటే బయటికి తీయాలి, డ్రైవ్ (మోటారు వేగాన్ని మార్చే పరికరం) నుంచి మోటారుకు వెళ్లే కేబుళ్లకు దూరంగా పెట్టాలి. కాయిల్ ఆగేటప్పుడు వచ్చే వోల్టేజ్ పోటును అణచడానికి ఏసీ కాంటాక్టర్ కాయిల్‌కి ఆర్‌సీ సప్రెసర్, డీసీ అయితే డయోడ్ తప్పనిసరి. అవి లేకపోతే రిసీవర్ రిలేల కాంటాక్ట్‌లు త్వరగా కాలిపోతాయి. బటన్ మీది రబ్బరు చిరిగితే వెంటనే మార్చండి. దుమ్ము, నూనె లోపలికి పోతే నొక్కిన బటన్ తిరిగి రాదు.

బటన్లా, జాయ్‌స్టిక్‌లా? ఒకటి రెండు వేగాలే ఉన్న క్రేన్‌కి రెండు మెట్ల బటన్లు (సగం నొక్కితే నెమ్మది, పూర్తిగా నొక్కితే వేగం) సరిపోతాయి, చేతికి గ్లోవ్స్ ఉన్నా పని జరుగుతుంది. డ్రైవ్‌తో వేగాన్ని కొద్దికొద్దిగా పెంచే క్రేన్‌కి జాయ్‌స్టిక్ మేలు. కాకపోతే దేనికైనా తగిలి కదలకుండా, సున్నా దగ్గర లాక్ ఉన్నదే తీసుకోండి.

రెండో ట్రాన్స్‌మిటర్‌ను బ్యాటరీ తీసి తాళంలో పెట్టండి. ఒకటి పోతే దాని ఐడీని (రిసీవర్ దాన్ని గుర్తుపట్టే కోడ్) రిసీవర్‌లోంచి తొలగించాలి.

రిమోట్ చెడితే అక్కరకొస్తుందని పెండెంట్‌ను ఉంచుకునేవారు చాలామంది. మంచిదే. ఒకసారికి ఒకటే పనిచేసేలా మార్పు స్విచ్ పెట్టండి. పెండెంట్ స్టాప్‌ను మాత్రం ఆ స్విచ్ వెనక పెట్టకండి, స్విచ్ ఎటున్నా అది మెయిన్ కాంటాక్టర్‌ను పడేయాలి. ప్రమాదంలో ఎవరైనా ముందు కనిపించిన ఎర్ర బటనే నొక్కుతారు. అదే కారణంతో, వాడుకలో లేని ట్రాన్స్‌మిటర్‌ను కూడా బల్ల మీద వదిలేయకూడదు: దాని స్టాప్ నొక్కినా ఏదీ ఆగదు.